అట్ట నుంచి అట్ట దాకా

రామతీర్థం,
భాద్రపద బహుళ తదియ

చిరంజీవి పద్మకుమారికి జగదాంబ టీచరు ఆశీస్సులు.

చరిత్ర పుస్తకం అయిపోయిందే పిల్లా! నాలుగో చిప్పు కూడా నిండిపోవచ్చింది. చివర పది నిమిషాల చోటు మిగిలితే ఈ ఉత్తరం దాన్లోకే చదివేస్తున్నాను. ముందు కాగితం మీద రాసుకున్నాను. లేకపోతే చెప్పిందే చెప్పి నిన్ను చంపుతానని మా మేనల్లుడు మోహనకృష్ణ ఎగతాళి.

ఫోన్లో నాకేమీ వినబడదు. కాగితం మీద నీకేమీ కనబడదు. దేవుడు మనిద్దరికీ కలిపి ఒక్క మనిషికి సరిపడా సరంజామా ఇచ్చేడు. అందుకని నేను రికార్డరులోకి చదివి చిప్పు పోస్టులో పంపడం, నువ్వు కంప్యూటర్లో కొట్టి అచ్చేయించి పంపడం. బాగానే కుదిరింది మన కాపురం.

నీ టీచరు పరీక్ష జనవరి ఆఖర్లో కదా. చరిత్ర అయింది, ఇక సైకాలజీ, బోధన పద్ధతులు రెండే మిగిలేయి. పరీక్ష వేళకి రెండుసార్లు వినేటట్టు చేస్తాను, బెంగ పెట్టుకోకు. ఎనిమిదో తరగతిలో నీ చూపు పోయిన ఏడాది, కళింగపట్నం హైస్కూల్లో నిన్ను ముందు బెంచీ మీద కూర్చోబెట్టి బోర్డు మీద ఉన్నదంతా నీకోసం పైకి చదివేదాన్ని. ఆ పని మళ్ళీ దొరికినందుకు నాకెంత సంతోషంగా ఉందో నీకు తెలీదు. రిటైరయ్యేక నా గొంతుతో పడ్డవాళ్ళెవరూ లేరు.

అన్నట్టు, అట్ట మీద పేరు దగ్గర్నుంచి వెనకట్ట మీద ధర దాకా అన్నీ చదువుతున్నానని విసుక్కోకు. మా నాన్నగారు ఇక్కడి గుడి మండపంలో పురాణం చదివేవారు. వినేవాళ్ళు ఆవులించినా సరే, ఒక్క ముక్క వదిలేవారు కాదు, ఒక్క ముక్క కలిపేవారు కాదు. నాకూ అదే పట్టుబడింది. "సర్వహక్కులూ ప్రచురణకర్తవి, ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ అనుమతి లేకుండా ఏ రూపంలోనూ" అని ఒక పేజీ ఉంది చూడు, అది కూడా బాగా గట్టిగా చదివేను. మా కొండ మీద బౌద్ధ విహారాల గురించి ఆ పుస్తకంలో రెండే రెండు వాక్యాలు. కిటికీ లోంచి కొండ కనిపిస్తూనే ఉంది, నాలుగు మాటలు కలపాలని నోరు దురద పెట్టింది. కలపలేదు.

సంకల్పం మాత్రం ప్రతి చిప్పు మొదట్లోనూ చెప్తున్నాను. ఏ రోజున, ఏ ఊళ్ళో, ఎవరు, ఎవరి కోసం, ఎందుకు చదువుతున్నారో చెప్పకుండా పారాయణ మొదలుపెట్టకూడదు. నా పేరూ గోత్రమూ నేనే చెప్పుకుంటున్నాననుకో. మావారు పోయేక నా గోత్రం పలికే గొంతు మరొకటి లేదు. పోనీలే, నా గొంతు ఉంది కదా.

మీ నాన్న కూర్మయ్యని అడిగేనని చెప్పు.

నీ
జగదాంబ టీచరు

*

కళింగపట్నం,
సెప్టెంబరు 19

టీచరమ్మగారికి పద్మకుమారి నమస్కారాలు.

అక్షరాలు పెద్దవి చేసి అచ్చెయ్యమని జెరాక్సు షాపులో సెప్పేను. చిన్నవైపోతే తిట్టండి, వాడి చేత మళ్ళీ వేయిస్తాను.

నాలుగో చిప్పు అందింది. మీకు ఎలాగ థాంక్స్ సెప్పాలో తెలీక మూడు రోజులు ఈ ఉత్తరం మొదలెట్టలేదు. మీ దగ్గరికి రాకముందు నేనేటి సేసేనో మీకు సెప్పలేదు, సిగ్గేసి. ఇదే పుస్తకం ఆ కంపెనీ వాళ్ళ ఆప్‌లో డబ్బు కట్టి కొన్నాను. నా ఫోను పేపరు సదువుతాది, మెసేజీలు సదువుతాది, కరెంటు బిల్లు కూడా గడగడా సదువుతాది. ఆ పుస్తకం తెరిస్తే మాత్రం "బొమ్మ" అంటాది. పేజీ తిప్పితే మళ్ళీ "బొమ్మ". మూడొందల ఎనభై పేజీలూ బొమ్మలే! వాళ్ళకి ఫోన్ సేసి అడిగితే, "దొంగ కాపీలు తియ్యకుండా తాళం వేసేం మేడమ్" అన్నారు. "కొన్నదాన్ని, మరి నాకు తాళంచెవి ఇవ్వరా?" అంటే ఫోన్ పెట్టీసేరు. ఆ రోజు బాగా ఏడ్సేను. ఆ తర్వాతే నాన్న అట్టపుస్తకాలు మూడూ కొని మీకు పంపేడు.

నాన్న గురించి ఒకటి సెప్పాలి. పొలానికి నేనూ వెళ్తన్నాను, గట్టు మీద కూర్చుని వినడానికి. ఇయర్‌ఫోను ఒకటి నా సెవిలో, ఒకటి నాన్న సెవిలో. మీ సంకల్పంలో "కూర్మయ్య పుత్రిక పద్మకుమారి" అన్న మాట వచ్చిందంటే సాలు, బురదలోనే నిలబడి సేతులు జోడిస్తాడు. "ఏ గుళ్ళోనూ నా పేరు ఎవులూ ఇంత గొప్పగా సదవలేదే" అన్నాడు. ఆ తర్వాత చరిత్ర వస్తే మాత్రం ఇయర్‌ఫోను నాకిచ్చేసి కలుపు తీసుకోడానికి పోతాడు.

మీ గొంతు వింటే నిద్ర రాదని అందరూ అంటన్నారు. మిగతా రెండు పుస్తకాల కోసం ఎదురు సూస్తన్నాం.

మీ
కుమారి

*

రామతీర్థం,
ఆశ్వయుజ బహుళ చవితి

పద్మకుమారికి,

సైకాలజీ మొదటి రెండు అధ్యాయాలు పంపుతున్నాను. గొంతు బాగులేదు. తర్వాతివి ఆలస్యం కావచ్చు. కాకపోనూ వచ్చు.

నీ ఉత్తరంలో "అందరూ అంటన్నారు" అని రాసేవు. అందరూ అంటే ఎవరు? చిప్పులన్నీ నీ దగ్గరే ఉన్నాయా? ఊరికే అడుగుతున్నాను.

వానలు ఎక్కువగా ఉన్నాయి. మీ పొలం జాగ్రత్త.

జగదాంబ

*

కళింగపట్నం,
అక్టోబరు 18

టీచరమ్మగారికి,

చిప్పు కంప్యూటర్లో పెట్టగానే "అధ్యాయం ఒకటి" అని మొదలైపోయింది. సంకల్పం లేదు. అట్ట లేదు, ధర లేదు. ముందు ఫైలు పాడైందనుకున్నాను. నాన్న రెండుసార్లు మళ్ళీ పెట్టించి, "ఏటే, టీచరమ్మకి మన మీద కోపమొచ్చిందా? నువ్వేటి సేసేవో సెప్పు" అన్నాడు. సెప్పీసేను. ఇప్పుడు మీకూ సెప్తన్నాను.

నాలాగ చూపు లేకుండా ఈ పరీక్షకి సదువుతన్నోళ్ళం ఒక గ్రూపు పెట్టుకున్నాం. నాతో కలిపి పదకొండు మందిమి. అందరం ఆ ఆప్ కొని "బొమ్మ" అనిపించుకున్నోళ్ళమే. మీ చిప్పులు కాపీ సేసి వాళ్ళకి పంపేను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరు వద్దంటారేమోనని కాదు, నా ఒక్కర్తి కోసం సదువుతన్న మీకు పదిమంది బరువు ఎత్తడం ఇష్టం లేక. అదీ నిజం కాదులెండి. అడగాలని తోచనేలేదు.

ఆ గ్రూపులో టెక్కలి వాడు లక్ష్ముడు అని ఉన్నాడు. వాడు మంచోడే. ఇంకెంతమందికో పనికొస్తాదని ఆ రికార్డింగులన్నీ నెట్‌లో అందరూ వినేటట్టు వీడియోలుగా పెట్టీసేడు. నెల రోజులున్నాయట. మొన్న అవి ఎగిరిపోయేయని, పుస్తకం కంపెనీ వాళ్ళు తీయించేసేరని ఏడుస్తూ ఫోన్ సేసేడు.

టీచరమ్మగారూ, మీకేటైనా వచ్చిందా? మీ గొంతు బాగులేదన్నారు గానీ ఆ రెండు అధ్యాయాల్లో గొంతు బాగానే ఉన్నాది. భయంగా ఉన్నాది. మీ గొంతులో భయం నేనెప్పుడూ వినలేదు.

నిజం సెప్పండి.

కుమారి

*

రామతీర్థం,
కార్తీక శుద్ధ పంచమి

చిరంజీవి కుమారికి,

చెవులు పోయి ఎదటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకునేదాన్ని నేను, నీకేమో నా గొంతులో భయం కూడా వినిపిస్తోంది. నీ దగ్గర దాచడం నా తరం కాదు.

పోయిన పౌర్ణమినాడు హైదరాబాదు నుంచి ఆ పుస్తకం కంపెనీ వాళ్ళ లాయరు నోటీసు వచ్చింది. కవరు మీద ఏమని రాసుందో తెలుసా? "శ్రీవత్సస గోత్రం జగదాంబ, రామతీర్థం." ఈ దేశంలో ఏ లాయరూ గోత్రంతో నోటీసు పంపి ఉండడు! దొంగని పట్టుకోడానికి వాళ్ళు ఏమీ కష్టపడలేదే తల్లీ. పేరూ, ఊరూ, గోత్రమూ, తిథీ, వారమూ అన్నీ నాలుగు చిప్పుల్లోనూ నేనే విప్పి చెప్పేను కదా.

దొంగ అన్న మాట వాళ్ళు అనలేదులే. దానికి నాలుగు లైన్ల పొడుగు మాట వాడేరు. అనుమతి లేకుండా చెయ్యకూడదన్న హెచ్చరికని స్వయంగా పైకి చదివి కూడా ఆ పని చేసేరు కాబట్టి ఇది తెలిసి చేసిన తప్పు అన్నారు. నెలరోజుల్లోగా చదవడం మానెయ్యాలి, ఉన్న రికార్డింగులన్నీ చెరిపెయ్యాలి, క్షమాపణ రాసిచ్చి సంతకం పెట్టాలి. లేకపోతే కోర్టు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి పక్కవాడి పలక ముట్టుకోవద్దని చెప్పినదాన్ని. ఆ కాగితం పట్టుకుని రోజంతా వంట చెయ్యలేదు.

మోహనకృష్ణ భయపడి, "అత్తా, పెద్దవాళ్ళతో మనకెందుకు, సంతకం పెట్టేసెయ్" అని క్షమాపణ తనే రాసి తెచ్చేడు. సంతకం పెట్టేను. ఇంకా పోస్టు చెయ్యలేదు, పోపుల డబ్బా కింద ఉంది. రెండు రోజులు నీ మీద కోపం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి. నా గొంతు సంతలో పెట్టేవనిపించింది. తర్వాత పోయింది. పదిమంది విన్నారంటే లోపల ఎక్కడో కాస్త గర్వం కూడా వచ్చింది, ఆ సంగతి నాలోనే ఉంచుకుందామనుకున్నాను.

నీకు చెప్పనిది పరీక్ష దగ్గర పడుతోందని. చెప్తే వినడం మానేస్తావు, నాకు తెలుసు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఒకటి చేసేను. బోధన పద్ధతుల్లో మూడు అధ్యాయాలు అప్పటికే చదివి ఉంచేను. నోటీసు వచ్చిన సాయంత్రమే ఆ మూడూ చెరిపేసేను. మూడు వారాల పని. ఒక్క మీట నొక్కితే పోయింది. నీ దగ్గరున్నవి కూడా నీ చేత చెరిపించాలని నోటీసులో ఉంది. ఆ మాట నీకు చెప్పడానికి నోరు రావటం లేదు.

గడువు ఇంక పది రోజులు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. టీచరుని అడగడం అలవాటు కదా నీకు, ఈసారి టీచరే అడుగుతోంది.

జగదాంబ

*

కళింగపట్నం,
నవంబరు 1

టీచరమ్మగారికి,

ముందు ఆ పోపుల డబ్బా కింద కాగితం తీసి పొయ్యిలో పెట్టండి. తర్వాత ఈ ఉత్తరం సదవండి.

పెట్టేరా?

మీ ఉత్తరం నాన్నా నేనూ కలిసే విన్నాం. సగంలో నాన్న ఇయర్‌ఫోను తీసి సొక్కా వేసుకున్నాడు. "రా, బయల్దేరు" అన్నాడు. మర్నాడు పొద్దున్న బస్సెక్కి ఆమదాలవలస వెళ్ళేం. అక్కడ తిరుమలరావుగారని, రైల్వేలో టిక్కెట్లిచ్చే పని సేసి రిటైరయ్యేరు. స్టేషను రోడ్డులో బియ్యం కొట్టు మీద ఒక్క గదిలో వినియోగదారుల సంఘం నడుపుతన్నారు. ఫోన్లో కొన్న పుస్తకం, పాట, సినిమా మీద మన హక్కేటో కాలేజీలకి వెళ్ళి సెప్తంటారట. రైలు వచ్చినప్పుడల్లా మాట ఆపేస్తారు. రైలు పోయేక ఆపిన అక్షరం దగ్గర్నుంచి మళ్ళీ అందుకుంటారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

నోటీసు సంగతంతా సెప్పేను. ఆయన ముందు నన్ను తిట్టేరు, మీ అనుమతి అడగనందుకు. తర్వాత "ఆమె ఎలా చదివిందో వినిపించమ్మా" అన్నారు. మొదటి చిప్పు పెట్టేను. మీ సంకల్పం వచ్చింది: "విశ్వావసు నామ సంవత్సరే, వర్ష ఋతౌ, శ్రావణ మాసే, రామతీర్థ గ్రామంలో, శ్రీవత్సస గోత్రోద్భవ జగదాంబని నేను, చూపులేని కూర్మయ్య పుత్రిక పద్మకుమారి టీచరు పరీక్ష గట్టెక్కడానికి, ఎవరి దగ్గరా ఒక్క పైసా పుచ్చుకోకుండా, ఆమె విని చదువుకోవడం కోసమే ఈ గ్రంథం చదువుతున్నాను."

"ఆపు" అన్నారు. మళ్ళీ పెట్టించేరు. మూడోసారి పెట్టించినప్పుడు రైలు వచ్చింది, పోయిందాకా కూర్చుని మళ్ళీ మొదట్నుంచి విన్నారు. విని, బల్ల మీద ఒక్క సరుపు సరిచి, "అమ్మా, లాయరు రాసినా ఇంత బాగా రాయడు!" అన్నారు.

టీచరమ్మగారూ, కాపీరైటు చట్టంలో యాభై రెండో సెక్షను ఉన్నాది. 2012లో దాన్లో ఒక ముక్క కలిపేరట. వైకల్యం ఉన్నోళ్ళు సదువుకోడానికి వీలుగా ఏ పుస్తకాన్నైనా వాళ్ళకి పనికొచ్చే రూపంలోకి ఎవరైనా మార్చవచ్చు, అలాంటోళ్ళకి పంచవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. లాభం కోసం సెయ్యకూడదు, అంతే. ఎవరి కోసం, ఎందుకు, లాభం ఉందా లేదా, ఏ రోజున, ఎవరు, అన్నీ మీరు పుస్తకం తెరవకముందే సెప్పీసేరు. ఏ గోత్రం పట్టుకుని నోటీసు పంపేరో ఆ గోత్రమే మనకి సాక్ష్యం.

గ్రూపులో పదిమందికి పంపడం తప్పు కాదన్నారు. లక్ష్ముడు అందరూ వినేటట్టు పెట్టడం మాత్రం తప్పే. "తప్పైన చోట ఒప్పుకుందాం, కానిచోట ఎందుకు ఒప్పుకుంటాం?" అన్నారు. లక్ష్ముడు వాళ్ళకి క్షమాపణ రాసేడు, మనసారా రాసేడు. నిన్న ఆయన సెప్తంటే సంఘం తరఫున జవాబు నేనే టైపు సేసేను. రిజిస్టరు పోస్టులో వెళ్ళిపోయింది. ఆఖర్న మా ప్రశ్న కూడా పెట్టేం: డబ్బు తీసుకుని మాకు అమ్మిన పుస్తకం మాకు బొమ్మలు సూపిస్తాదేటి?

నాన్న ఊరుకోక మధ్యలో అడిగేడు, "బాబూ, నాను కొన్న ఇత్తనాల బస్తా ఇప్పడానికి మళ్ళీ కొట్టోడిని అడగాలేటి?" అని. తిరుమలరావుగారు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు, మీటింగుల్లో సెప్తానని. నాన్న బస్సులో ఇంటి దాకా ఛాతీ ఇరుసుకుని కూర్చున్నాడు.

మీరు దొంగ కాదు. పక్కవాడి పలక ముట్టుకోలేదు. పలక సదవలేని పిల్లకి సదివి పెట్టేరు, ఎనిమిదో తరగతిలో సేసినట్టే. పోయిన మూడు అధ్యాయాలూ మళ్ళీ సదవండి. మొదట సంకల్పం సెప్పండి. నాన్న కోసమైనా సెప్పండి.

మీ
కుమారి

*

రామతీర్థం,
మార్గశిర శుద్ధ విదియ

చిరంజీవి కుమారికి, పాదాలు కందేలా ఆమదాలవలస తిరిగినందుకు నీకూ మీ నాన్నకీ వెయ్యి దీవెనలు.

కాగితం పొయ్యిలో పెట్టమన్నావు. నీళ్ళ బాయిలర్లో వేసేను, దాంతో కాగిన నీళ్ళతోనే తలంటుకున్నాను. మోహనకృష్ణ చూసి బాయిలర్లోకి ఇంకో రెండు పుల్లలు తోసేడు. మూడు అధ్యాయాలూ తొమ్మిది రోజుల్లో మళ్ళీ చదివేను. రెండో అధ్యాయంలో ఒకచోట దగ్గు వచ్చింది, చెరపలేదు. చెరపడమంటే ఇప్పుడు నాకు భయం. సంకల్పంలో ఈసారి నీతో పాటు, తిరుమలరావుగారు రాసి పంపిన ఆ పదిమంది పేర్లూ చేర్చేను, లక్ష్ముడితో సహా. వాడి పేరు దగ్గర కాస్త గట్టిగా పలికేను, బుద్ధి రావాలని.

తిరుమలరావుగారు విజయనగరంలో మీటింగు పెట్టి నన్ను రమ్మన్నారు. నాకు వినబడదు, నేనెందుకండీ అని రాస్తే, "మీరు వినక్కర్లేదు, మాట్లాడండి చాలు" అని జవాబు. వెళ్ళేను. నీ "బొమ్మ" సంగతి చెప్పేను. మూడొందల ఎనభై పేజీల బొమ్మలు అనగానే అందరూ నవ్వేరు, తర్వాత ఎవరూ నవ్వలేదు. మీ నాన్న విత్తనాల బస్తా కూడా విప్పేను. అంతసేపూ టైమైపోయిందని అధ్యక్షుడుగారు గంట కొడుతూనే ఉన్నారట. నాకేం తెలుసు! ఇరవై నిమిషాలు అదనంగా మాట్లాడేనని తర్వాత మోహనకృష్ణ చెప్పేడు. ఎవరూ లేచి వెళ్ళలేదని కూడా చెప్పేడు.

ఇక అసలు సంగతి. ఆ కంపెనీ వాళ్ళు నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఉత్తరం నకలు తిరుమలరావుగారు నాకు పంపేరు, నీకూ అందే ఉంటుంది. నాలుగే వాక్యాలు. సంకల్పం విన్నామని, చూపులేనివారి కోసం చేసినదానికి అభ్యంతరం లేదని. సైకాలజీ, బోధన పద్ధతులు రెండూ తాళం లేని ఫైళ్ళు చేసి మీ పదకొండు మందికీ పంపుతారట. ఆప్ సంగతి "పరిశీలిస్తాం" అన్నారు. కవరు మీద ఈసారి గోత్రం లేదు, "శ్రీమతి జగదాంబగారికి" అని ఉంది. గోత్రం ఉన్నదే బాగుందనిపించింది.

చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, సంతోషంతోనే. కానీ కుమారీ, నీకు అబద్ధం చెప్పి ఒకసారి పట్టుబడ్డాను కనక నిజమే చెప్తున్నాను. ఫైళ్ళు వస్తే నీ ఫోనే గడగడా చదివేస్తుంది. దానికి దగ్గు రాదు. ఇక నా పని అయిపోయినట్టే కదా. రికార్డరు తుడిచి అలమరలో పెట్టేను. పెట్టి, ఆ గదిలోంచి ఇవతలికి రాబుద్ధి కాలేదు. ఈ ఒక్క ఉత్తరం చదవడానికే మళ్ళీ తీసేను.

బాగా చదువుకో.

నీ
జగదాంబ టీచరు

*

కళింగపట్నం,
ఫిబ్రవరి 5

టీచరమ్మగారికి మీ కుమారి నమస్కారాలు.

పరీక్ష రాసేను. నేను సెప్తంటే రాయడానికి ఇచ్చిన అమ్మాయి సక్కగా రాసింది. ఫలితాలు ఇంకా రాలేదు. పోగొట్టి మళ్ళీ సదివేరే, ఆ మూడు అధ్యాయాల్లోంచి నాలుగు ప్రశ్నలొచ్చేయి. నాలుగో దానికి జవాబు ఎంతకీ గుర్తు రాలేదు. అంతలో మీ దగ్గు గుర్తొచ్చింది. దగ్గు తర్వాత మీరు సదివిన వాక్యమే జవాబు! ఫోను సదివుంటే నాకు ఆ మార్కులు పోయేవి. మీ రికార్డరు అలమరలోంచి తీసి బయట పెట్టండి.

ఫైళ్ళు మాకు సానా పనికొచ్చేయి, కాదనను. మీరు సదవకుండా మిగిలిన అధ్యాయాలకీ, రెండోసారి సదువుకోడానికీ అవే వాడేను. నాన్నకే నచ్చలేదు. "ఇదేటి, సంకల్పం లేదు, తిన్నగా పాఠంలోకి పోతాదేటి" అని ఇయర్‌ఫోను తిరిగి ఇచ్చీసేడు. ఆప్ ఇంకా "బొమ్మ" అనే అంటన్నాది. తిరుమలరావుగారు వదల్లేదు, పదహారో ఉత్తరం రాయించేరు. మేం పదకొండు మందిమీ సంతకాలు పెట్టేం. ఫలితం ఎలాగొచ్చినా నేను ఆయనతో కాలేజీలకి వెళ్తాను, నా ఫోను పట్టుకుని. ఆ "బొమ్మ" అన్న మాట అందరికీ వినిపిస్తాను.

ఇంకో సంగతి. ఇచ్ఛాపురం దగ్గర దేవి అని ఒక పిల్ల ఉన్నాది. పద్నాలుగేళ్ళు. పోయిన ఏడే చూపు పోయింది. బ్రెయిలీ, అదే చుక్కల లిపి, ఇంకా రాదు. స్కూలు మానేస్తానంటన్నాదట. నా దగ్గర ఆ తరగతి సోషల్ పుస్తకం చుక్కల లిపిలో ఉన్నాది. మీలాంటి రికార్డరే కొని, వేళ్ళతో తడుముకుంటూ పైకి సదివేను. అట్ట దగ్గర్నుంచి సదివేను. హక్కుల పేజీ కూడా సదివేను. అక్కడ మాత్రం ఒక తప్పు సేసేను, క్షమించండి. పుస్తకంలో లేని వాక్యం ఒకటి కలిపేను: "సదవలేనోళ్ళకి సదివి పెట్టడానికి అనుమతి చట్టమే ఇచ్చింది, ఎవరైనా సదవచ్చు."

దాని మొదట్లో నేను సెప్పినది ఇక్కడ అచ్చేయిస్తన్నాను, మీరు కళ్ళతో సదువుకోండి:

"విశ్వావసు నామ సంవత్సరే, ఉత్తరాయణే, మాఘ మాసే, వంశధార సముద్రంలో కలిసే చోట, కళింగపట్నం గ్రామంలో, నాగుల గోత్రం కూర్మయ్య కూతురు పద్మకుమారిని నేను, చూపులేని దేవి బడి మానకుండా ఉండడానికి, శ్రీవత్సస గోత్రోద్భవ జగదాంబ టీచరమ్మగారి ఆయురారోగ్యాల కోసం, ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోకుండా ఈ పుస్తకం సదువుతన్నాను."

మా గోత్రం నాకు తెలీదు, నాన్న సెప్పేడు. సెప్పేటప్పుడు నిలబడి సెప్పేడు.

చిప్పు కాపీ ఒకటి ఈ కవర్లో పెట్టేను. మీకు వినబడదని తెలుసు. తెలిసే పంపుతన్నాను.

మీ
కుమారి

*

రామతీర్థం,
మాఘ బహుళ దశమి

చిరంజీవి కుమారికి జగదాంబ ఆశీస్సులు.

అలమరలోంచి రికార్డరు తీసేను కనకనే ఇది నీకు వినబడుతోంది. దేవికి తెలుగు పుస్తకం నేను చదువుతాను, పంపించు. పిల్లని బడి మాననివ్వకండి.

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. చదివిన తర్వాత చిప్పు అలా కవర్లో వదిలెయ్యడానికి మనసొప్పలేదు. మోహనకృష్ణని పిలిచి రికార్డర్లో పెట్టమన్నాను. "నీకేం వినబడుతుంది అత్తా" అన్నాడు. "నువ్వు పెట్టు, నీకెందుకు" అన్నాను. బల్ల మీద పెట్టి సౌండు మొత్తం పెంచేడు. నేను దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. చేతికింద సన్నగా అదురు మొదలైంది. నీ గొంతే అది. ఎనిమిదో తరగతిలో నా కొంగు పట్టుకుని బడి మెట్లు దిగేటప్పుడు నీ చెయ్యి ఇలాగే అదిరేది.

నా పేరు వచ్చినప్పుడు భుజం తట్టమని వాడికి చెప్పి ఉంచేను. తట్టేడు. ఆ క్షమాపణ మీద సంతకం పెట్టమన్నవాడే తట్టేడు, తట్టిన చెయ్యి తియ్యలేదు. నేను మీ నాన్నలాగే లేచి నిలబడి చేతులు జోడించేను. మావారు పోయి పదమూడేళ్ళు. ఇన్నేళ్ళకి నా గోత్రం ఇంకొకరి నోట పలికింది.

పుస్తకంలో లేని వాక్యం కలిపేనని రాసేవు. మా నాన్నగారు ఉంటే ఒప్పుకునేవారు కాదు. నేను ఒప్పుకుంటున్నాను. ఇకమీదట నేనూ అక్కడ అదే వాక్యం చదువుతాను.

చిప్పు అయిపోయేక మోహనకృష్ణ నా మొహం చూసి, "అత్తా, వినబడిందా?" అని అడిగేడు.

వినబడిందనే చెప్పేను.

నీ
జగదాంబ టీచరు